ఫుల్ క్లచ్ సెట్ అని బిల్లు, లోపల రంగేసిన పాత సామాను: ఆటోనగర్‌లో బండి పెట్టేవాళ్ళు జాగ్రత్త

విజయవాడ ఆటోనగర్‌లో ఆ పెద్ద షెడ్డు. పేరు రాయను, ఒకసారి బండి పెట్టినవాళ్ళకి బోర్డు సైజు చెప్తే చాలు. పెట్రోల్ స్విఫ్ట్, కేబుల్ క్లచ్. ప్లేట్ అరిగిపోయింది, ఫుల్ సెట్ మార్చమని ఇచ్చాం. ఫుల్ సెట్ అంటే క్లచ్ ప్లేట్, దాన్ని అదిమి పట్టే ప్రెషర్ ప్లేట్, పెడల్ తొక్కితే ఆ పట్టు వదిలించే రిలీజ్ బేరింగ్, ఈ మూడూ. బిల్లులో మూడూ ఉన్నాయి, పైగా గేర్ ఆయిల్ కూడా. బండిలో ఒక్కటీ కొత్తది లేదు. నిన్న వేరే మేస్త్రీ గేర్‌బాక్స్ దించితే బయటపడింది.

బండి చేతికొచ్చినప్పటి నుంచే ఫస్ట్‌లో, రివర్స్‌లో కదిలేటప్పుడు వణుకు. పెడల్ తొక్కితే కర్రుమని మోత, వదిలితే ఆగిపోతుంది. తొక్కినప్పుడే వచ్చే మోత రిలీజ్ బేరింగ్‌ది. వదిలినప్పుడు వచ్చి, తొక్కితే ఆగేదైతే గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్‌ని అనుమానించాలి. ఫోన్ చేస్తే "కొత్త ప్లేట్ కదండీ, సెట్ అవుతుంది" అన్నారు. ఇందులో సగం నిజమే. కొత్త ప్లేట్ ఫ్లైవీల్‌కి (ఇంజిన్‌తో తిరిగే చక్రం, ప్లేట్ పట్టేది దీన్నే) సర్దుకోవడానికి కొన్ని వందల కిలోమీటర్లు పడుతుంది, మొదట్లో కాస్త వాసన కూడా రావచ్చు. అయితే ఆ వణుకు రోజురోజుకీ తగ్గాలి, పెరగకూడదు. బేరింగ్ మోత సర్దుకునే రకం అసలే కాదు.

మళ్ళీ తీసుకెళ్తే ఓనర్ గారు బానెట్ ఎత్తలేదు, బండెక్కి అడుగు దూరం నడిపి చూడలేదు. కుర్చీలోంచే, పక్కన నలుగురు కస్టమర్లు వింటుండగా, "క్లచ్ మీద కాలేసి నడిపితే ఏ కంపెనీ ప్లేట్ ఆగుద్దండీ? ముందు డ్రైవింగ్ నేర్చుకుని రండి" అన్నారు. పాత సామాను చూపించమంటే "స్క్రాపోడు పట్టుకెళ్ళాడు, ఆ ఇనుముతో మీకేం పని?" అన్నారు. ఎందుకు పట్టుకెళ్తాడు పాపం, అది మా బండిలోనే ఉంటే!

సరే, క్లచ్ మీద కాలు సంగతే చూద్దాం. కాలేసి నడిపితే ప్లేట్ జారి, దాని మీద పట్టునిచ్చే పొర (లైనింగ్) అరుగుతుంది, రివెట్ తలలు పైకి తేలతాయి, బేరింగ్ ఆగకుండా తిరిగి అరుగుతుంది. మా ప్లేట్‌కి లైనింగ్ నిండుగా ఉంది, రివెట్లు లోతుగా ఉన్నాయి. అరిగిందల్లా మధ్యలో హబ్. లోపలి పళ్ళు మెట్లు పడి ఉన్నాయి, స్ప్రింగులు గూళ్ళలో వదులై, ప్లేట్ ఊపితే గలగలమంటున్నాయి. అంటే పాత ప్లేట్‌కే కొత్త లైనింగ్ కొట్టించి బిగించారు. దాని మీద కంపెనీ పేరు లేదు, పార్ట్ నంబర్ లేదు. ప్రెషర్ ప్లేట్‌కి నల్ల రంగు కొట్టారు, థిన్నర్ గుడ్డతో తుడిస్తే ఊడొచ్చింది. డయాఫ్రమ్ వేళ్ళ (బేరింగ్ నొక్కే స్ప్రింగు రేకుల) చివర్న పాత బేరింగ్ రాసుకున్న గాడి మెరుస్తూ కనిపిస్తోంది, దాన్ని ఏ రంగూ కప్పలేదు. బేరింగ్ చేత్తో తిప్పితే గరగర, గ్రీజు ఎండిపోయింది. ఫ్లైవీల్ మీద నీలం మచ్చలు, వెంట్రుకంత పగుళ్ళు. దాన్ని లేత్‌కి పంపి మొహం చదును (ఫేసింగ్) చేయించడమో, మార్చడమో చేయకుండా ఎంత మంచి ప్లేట్ వేసినా ఆ మచ్చల దగ్గర పట్టు ఒక్కలా ఉండదు. వణుకు అక్కణ్నుంచే. గేర్ ఆయిల్ నల్లగా కారింది, దించినప్పుడు పట్టిన పాతదే మళ్ళీ పోశారు.

మొదటి రోజు డబ్బా మాత్రం చూపించారు. మంచి కంపెనీ డబ్బా, హోలోగ్రామ్‌తో సహా. డబ్బా కొత్తదే, అందులో సందేహం లేదు. దాన్ని చూసి తలూపి వచ్చేసిన మన తెలివికి ఒక దండం. ఆ డబ్బా ఇప్పటికి ఎంతమందికి చూపించారో!

ఆటోనగర్‌లో అందరూ ఇలాంటివాళ్ళే అనడం లేదు, నిన్న దించిన మేస్త్రీదీ ఆ పక్క వీధే. ఆయన దించగానే ముందు క్రాంక్ వెనక ఆయిల్ సీల్ చూశాడు. అక్కడ చెమ్మ ఉంటే కొత్త ప్లేట్ ఆయిల్ తాగి మళ్ళీ పాడవుతుంది. స్ప్లైన్లకి, అంటే హబ్ కూర్చునే షాఫ్ట్ పళ్ళకి, గ్రీజు పలచగా రాశాడు, ఎక్కువైతే చిమ్మి లైనింగ్ మీద పడుతుంది. అలైన్‌మెంట్ టూల్ పెట్టి కొత్త ప్లేట్‌ని మధ్యకి తెచ్చి, ప్రెషర్ ప్లేట్ బోల్టులు ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించి, చివర్న సరిగ్గా కావాల్సినంత బిగువే ఇచ్చే టార్క్ రెంచ్ వాడాడు. చక్రాలకెళ్ళే షాఫ్టులు లాగాక వాటి ఆయిల్ సీళ్ళు మార్చాడు. చిన్న సామానే, కారితే మాత్రం పని మళ్ళీ మొదటికొస్తుంది.

ఇంకో మాట. గేర్‌బాక్స్ దించే కూలి ఒక్క ప్లేట్‌కైనా, మూడింటికైనా అంతే. "బేరింగ్ బాగానే ఉందండీ, ఉంచేద్దాం" అంటే ఒప్పుకోకండి. డబ్బా మీ ముందు చింపించండి, లోపలి సామాను మీద నంబర్‌కి ఫోటో తీయండి, పాత మూడూ డిక్కీలో వేయమని పని మొదలవకముందే చెప్పండి. గేర్ ఆయిల్ మాన్యువల్లో రాసిన గ్రేడే పోయించండి. పార్ట్ నంబర్లతో జీఎస్టీ బిల్లు లేకపోతే తర్వాత వాదించడానికి చేతిలో ఏమీ ఉండదు. మా దగ్గర బిల్లుంది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు ఇచ్చాం. రంగేసిన ప్రెషర్ ప్లేట్, ఆ గరగర బేరింగ్ పారేయకుండా దాచి ఉంచాం.