డ్రైవర్ సీటు కిర్రు ఆగి రెండేళ్లు: తెల్ల గ్రీజు, పెట్రోలు పైపు ముక్కలు

గుంటూరు నుంచి విజయవాడకి రోజూ కారులోనే వెళ్లొస్తాను. రానూపోనూ 70 కిలోమీటర్లు. బండి 2016 మోడల్ హ్యాచ్‌బ్యాక్. 62 వేల కిలోమీటర్ల దగ్గర డ్రైవర్ సీటు గోల మొదలుపెట్టింది. గతుకులో పడినా, బ్రేకు వేసినా, ఆఖరికి నేను తుమ్మినా కిర్రు. "పాత ఇనప మంచం మీద పడుకున్నట్టుందండీ" అని మా ఆవిడ వెక్కిరించేది. ఇప్పుడు మీటరు 98 వేలు చూపిస్తోంది, ఆ సీటు నోరెత్తడం లేదు. మధ్యలో చాలానే చేశాను. ఏది నిలిచిందో, ఏది దండగో ఇప్పుడైతే ధైర్యంగా చెప్పగలను.

ముందు దండగ సంగతి. తుప్పు పట్టిన బోల్టులు వదులు చేసే పల్చటి స్ప్రే ఇంట్లో ఉంటే, అదే సీటు కింద కొట్టేశాను. నాలుగు రోజులు హాయి. ఐదో రోజు కిర్రు తిరిగొచ్చింది, అదీ ఇంకాస్త గట్టిగా. తప్పు నాదే. అలాంటి స్ప్రేలో ఎక్కువ భాగం ఆవిరైపోయే ద్రావకమే. పోతూ పోతూ రైలులో, అంటే సీటు ముందుకీ వెనక్కీ జరిగే ఇనప పట్టాలో, ఉన్న పాత గ్రీజును కూడా కరిగించేస్తుంది. ఆ తర్వాత ఒక సర్వీసు సెంటర్లో చూపిస్తే, సీటులో కూర్చోకుండానే "రైలు మొత్తం మార్చాలి సార్" అని తొమ్మిది వేలు చెప్పారు. నమస్కారం పెట్టి వచ్చేశాను.

అప్పుడు కొన్నది వైట్ లిథియం గ్రీజు స్ప్రే, 350 రూపాయలు. సీటు పూర్తిగా వెనక్కి జరిపి ముందు వైపు రైలు, ముందుకి జరిపి వెనక వైపు రైలు పాత గుడ్డతో శుభ్రంగా తుడిచాను. చిల్లర నాణేలు, పల్లీ పొట్టు, ఎప్పటిదో టోల్ రసీదు బయటపడ్డాయి. సన్నగా గ్రీజు కొట్టి, సీటును పదిసార్లు ముందుకీ వెనక్కీ లాగాను. జరిపేటప్పుడు వచ్చే గరగర ఆ రోజు పోయింది, మళ్లీ రాలేదు. కానీ నడుపుతుంటే వచ్చే కిర్రు సగమే తగ్గింది.

మిగతా సగం ఎక్కడుందో కనిపెట్టింది నేను కాదు, ఆటోనగర్‌లో సీట్లు కుట్టే మేస్త్రీ. నన్ను సీటులో కూర్చోబెట్టి ఊగమన్నాడు, తను వెనక సీటు దగ్గర వంగి, చెయ్యి కిందికి పోనిచ్చి ఒక్కో చోటా నొక్కుతూ విన్నాడు. ఒకచోట నొక్కగానే కిర్రు ఆగింది. "రైలు కాదు సార్, స్ప్రింగు." కుషన్ కింద పాము వంకరల్లా ఉండే స్ప్రింగుల కొసలు ఫ్రేముకి తగిలించి ఉంటాయి. మధ్యలో ఉండాల్సిన ప్లాస్టిక్ తొడుగు అరిగిపోయి ఇనుము ఇనుముని రాస్తోంది. బైకుకి వేసే పెట్రోలు పైపు జానెడు కోసి, ముక్కలు చేసి, నిలువునా చీల్చి ఆ కొసలకి తొడిగాడు. సీటు బోల్టుల్లో ఒకటి కాస్త వదులుగా ఉంటే అదీ బిగించాడు. మొత్తం 200 రూపాయలు, ఒక టీ.

ఇంత పని చేసినా సీటు విప్పలేదు. విప్పాల్సి వస్తే మాత్రం ముందు బ్యాటరీ వైరు తీసి కాసేపు ఆగండి. కింద కనిపించే పసుపు కనెక్టరు ఎయిర్‌బ్యాగుదో, బెల్టును బిగించే ప్రిటెన్షనరుదో అయ్యుంటుంది. దాన్ని ఊరికే లాగితే డ్యాష్‌బోర్డులో దీపం వెలుగుతుంది, ఇక టెన్షనే. బెల్టు బకిల్ లోపలికి గ్రీజుగానీ స్ప్రేగానీ అస్సలు పోనివ్వొద్దు.

బకిల్ అంటే గుర్తొచ్చింది. అది పక్కనున్న ప్లాస్టిక్‌కి తగిలి టిక్ టిక్ మనేది. అక్కడ ఫెల్టు ముక్క అంటించాను. మొదటి మే నెల ఎండకే జిగురు కరిగి జారిపోయింది. తర్వాత వైరింగుకి చుట్టే బట్ట టేపు రెండు పొరలు వేశాను. రెండు ఎండాకాలాలు దాటింది, కదల్లేదు. హెడ్‌రెస్టు కడ్డీలు ప్లాస్టిక్‌లో దిగేచోట సిలికాన్ స్ప్రే గుడ్డ మీద కొట్టి రుద్దితే చాలు.

తెల్ల గ్రీజుతో ఉన్న ఇబ్బంది దుమ్ము. మా దారిలో మిర్చి లారీల పుణ్యమా అని దానికి కొదవ లేదు. ఏడాది తిరిగేసరికి తెల్లది నల్లగా, ముద్దగా తయారవుతుంది. సంక్రాంతికి ముందు ఒకసారి తుడిచి మళ్లీ సన్నగా కొడుతున్నాను, అరగంట పని. మొదటిసారి ఎక్కువ కొట్టి ఒక మంచి ప్యాంటు పాడుచేసుకున్నాను. అదే డబ్బా ఇప్పటికీ సగం ఉంది. పైపు ముక్కల జోలికైతే ఇంతవరకూ వెళ్లలేదు.

పోయిన నెల నుంచి పక్క సీటు కిర్రుమంటోంది. అందులో కూర్చునేది మా ఆవిడ. నేనింకా ఏమీ అనలేదు.