సాకెట్‌క్యాన్ వాడాక: ఫ్రేమ్ మీద ప్రేమ, బీసీఎంలోని లాంగ్ మీద కోపం

కార్లు, యంత్రాల్లోని కంట్రోలర్లు మాట్లాడుకునే క్యాన్ బస్‌ని లినక్స్‌లో వాడుకునే ఏర్పాటే సాకెట్‌క్యాన్. అందులో నాకు అన్నిటికన్నా నచ్చింది క్యాన్ ఫ్రేమ్ (బస్ మీద వెళ్లే ఒక్కో మెసేజ్) స్ట్రక్చర్. ఐడీకి యూ32 (ఎక్కడైనా 32 బిట్లే), లెంగ్త్‌కి యూ8 (8 బిట్లు), డేటా 8 బైట్ల హద్దు మీద మొదలు. ఏ ప్రాసెసర్ మీదైనా మొత్తం 16 బైట్లే. ఐడీకి 29 బిట్లు చాలు కాబట్టి మిగిలిన మూడింట్లో ఎక్స్‌టెండెడ్, రిమోట్, ఎర్రర్ ఫ్లాగులు సర్దేశారు. ఎక్కువ డేటా మోసే క్యాన్ ఎఫ్‌డీ వచ్చాక కూడా ఐడీ, లెంగ్త్, డేటా చోటు మారలేదు. గేట్‌వే బోర్డుల మీద ఏళ్ల తరబడి వాడుతున్నాను, ఈ లేఅవుట్ ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదు.

అందుకే బీసీఎం (పీరియాడిక్ మెసేజ్‌లను నిర్ణీత వ్యవధిలో కెర్నెలే పంపేలా చేసే సాకెట్‌క్యాన్ భాగం) దగ్గర అంత ఒళ్లు మండింది. బోర్డు 64-బిట్ కెర్నెల్‌కి మారింది. సప్లయర్ ఇచ్చిన అప్లికేషన్ మాత్రం 32-బిట్ బైనరీ, సోర్స్ అడిగితే ఇవ్వరు. ఫ్రేములు చూసే, పంపే 32-బిట్ టూల్స్ క్యాన్‌డంప్, క్యాన్‌సెండ్ చక్కగా నడిచాయి. బీసీఎం పంపాల్సిన పీరియాడిక్ మెసేజ్‌లే ఒక్కటీ బస్ మీదికి రాలేదు. టెర్మినేషన్, బిట్‌రేట్ అన్నీ చూశాక అప్లికేషన్ కెర్నెల్‌ని ఏం అడుగుతోందో చూపే ఎస్‌ట్రేస్ పెడితే ప్రతి టీఎక్స్ సెటప్‌కీ (పీరియాడిక్ మెసేజ్ మొదలుపెట్టమనే ఆదేశం) ఇన్వాలిడ్ ఆర్గ్యుమెంట్ ఎర్రర్.

హెడర్ ఫైల్ తెరిస్తే కారణం కనిపించింది. ఇంటర్వెల్ చెప్పే స్ట్రక్చర్‌లో సెకన్లు, మైక్రోసెకన్లు రెండూ లాంగ్ అనే సీ టైపు. 32-బిట్‌లో అది 4 బైట్లు, 64-బిట్‌లో 8. దాంతో మెసేజ్ హెడర్ అటు 40 బైట్లు, ఇటు 56. ఒక ఫ్రేమ్‌తో అప్లికేషన్ పంపేది 40, 16 కలిపి సరిగ్గా 56! సైజు చెక్ దాటేస్తుంది. ఆ తర్వాత కెర్నెల్ మన డేటాలోని చివరి 4 బైట్లనే ఫ్రేముల సంఖ్య అనుకుంటుంది. అవి సున్నా అయినా, 256 దాటినా వెనక్కి కొట్టేస్తుంది.

64-బిట్‌లో ఇదే లాంగ్ వల్ల హెడర్‌లోని కౌంట్ ఫీల్డ్ తర్వాత 4 బైట్ల ఖాళీ పడుతుంది. దాన్ని సున్నా చేయకపోవడంతో కెర్నెల్ స్టాక్‌లోని సమాచారం బయటికి పోతోందని 2021లో సీవీఈ (భద్రతా లోపం నమోదు) కూడా వచ్చింది. పక్కనే క్యాన్ ఐడీకి యూ32 పెట్టినవాళ్లు ఇక్కడ లాంగ్ ఎందుకు వదిలేశారా అని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఫ్రేమ్‌కి కూడా పూర్తి మార్కులు వేయలేను. బస్ మీద 8 దాటిన డీఎల్‌సీ (ఫ్రేమ్‌లో లెంగ్త్ చెప్పే కోడ్) వస్తే దాన్ని ఉన్నదున్నట్టు చూపడానికి 5.11 కెర్నెల్ దాకా చోటే లేదు. అప్పుడు ఒక రిజర్వ్‌డ్ బైట్ దానికిచ్చారు. టెస్టింగ్ టూల్స్ రాసేవాళ్లకు తప్ప ఇది పెద్దగా తగలదు.

మొత్తం 64-బిట్‌లోనే బిల్డ్ చేసుకునేవాళ్లకు బీసీఎం హాయిగా పనిచేస్తుంది, వాడుకోవచ్చు. నా దగ్గర పాత బైనరీలు ఇంకా ఉన్నాయి కాబట్టి, కొత్తగా రాసేవాటిలో టైమర్ నేనే పెట్టుకుని రా సాకెట్ (ఫ్రేములు నేరుగా పంపే సాకెట్) మీద పంపుతున్నాను. లోడ్ పెరిగితే టైమింగ్ కాస్త ఊగుతుంది, మా మెసేజ్‌లకు అది పర్వాలేదు.