ఎస్సిటలోప్రామ్: కొన్నేళ్లు వాడాక నా మాట

ఎస్సిటలోప్రామ్ అంటే డిప్రెషన్‌కి, ఆందోళనకి ఇచ్చే మందు. పనిచేసిందా అంటే, చేసింది. మంచం దిగాలంటేనే భయపడే దాన్ని, మళ్లీ మియాపూర్‌లో మెట్రో ఎక్కి ఆఫీసుకి వెళ్లగలుగుతున్నాను. వికారం, ఆవలింతలు, చెమటలు మొదట్లో ఉన్నాయి, కొన్ని వారాల్లో సర్దుకున్నాయి. నేను చెప్పాలనుకున్నది మనసుకి జరిగేవాటి గురించి.

ముందుగా వచ్చింది నిలకడ లేకపోవడం. కూర్చుంటే లేవాలి, లేస్తే నడవాలి. అర్ధరాత్రి హాల్లో పచార్లు చేస్తుంటే టెన్షన్ ఎక్కువైందని మా ఆయన కంగారుపడ్డారు. డాక్టర్‌గారు దీన్ని అకతీసియా అంటారని చెప్పి, 10 మిల్లీగ్రాముల నుంచి 5కి తగ్గించి, తర్వాత మెల్లగా పెంచారు. జబ్బే ముదిరిందనుకుని డోసు పెంచితే ఇది ఇంకా ఎక్కువవుతుందట. ఇంట్లో కుర్రవాళ్లకి ఈ మందు రాస్తే మొదటి వారాల్లో ఒక కన్నేసి ఉంచండి. చిన్న వయసువాళ్లలో ఆత్మహత్య ఆలోచనలు పెరగొచ్చని అమెరికాలో మందుల్ని నియంత్రించే ఎఫ్‌డీఏ 2004లో గట్టి హెచ్చరిక పెట్టించింది, 2007లో దాన్ని 24 ఏళ్ల వాళ్ల దాకా పొడిగించింది. నిద్ర లేకపోయినా విపరీతమైన హుషారు, చేతికి అడ్డులేని ఖర్చు కనిపిస్తే అది మేనియా కావచ్చు, ఆ రోజే డాక్టర్‌కి ఫోన్ చేయాలి. నాకైతే అది రాలేదు. కలలు మాత్రం రంగురంగుల్లో వచ్చేవి, అందులో సగం ఇంటర్ లెక్కల పరీక్షే, ఖర్మ.

అసలు సంగతి వేరే. మా పెద్దమ్మ పోతే ఒక్క చుక్క కన్నీరు రాలేదు. బాధపడాలని తెలుసు, బాధే రాలేదు. గుండె రాయి చేసుకుందని చుట్టాలు అనుకున్నారు. లాల్ దర్వాజా బోనాల్లో డప్పు దగ్గరకొస్తే ఒళ్లు పులకరించేది. ఆ ఏడు చప్పుడు వినపడింది, అంతే. డిప్రెషన్ తిరగబెట్టిందేమో అనుకున్నా, కానీ అప్పట్లో గుండెల మీద పెద్ద బరువుండేది. ఇప్పుడు ఏ బరువూ లేదు. ఇలాంటి మొద్దుబారడం ఈ రకం మందుల్లో చాలామందికి వచ్చేదేనట. మనం అడిగేదాకా ఎవరూ చెప్పరు, నా కోపమంతా అక్కడే.

మీరే ఆపేయకండి. సంక్రాంతికి ఊరెళ్తూ మాత్రల షీటు మర్చిపోతే తలలో కరెంటు కొట్టినట్టయింది, చిరాకుతో అందరి మీదా అరిచాను. డాక్టర్‌గారే డోసుని నెలల తరబడి తగ్గిస్తూ వచ్చారు.

మొన్న అమీర్‌పేట బస్సులో ఒకతను కాలు తొక్కి, పైగా నన్నే తిట్టాడు. నిజంగా కోపం వచ్చింది! ఇంటికొచ్చి మా ఆయనకి శుభవార్తలా చెప్పాను.