మొటిమల ముఖానికి తక్కువ ధర ఫౌండేషన్: కొన్నేళ్లు వాడిన తర్వాత

మేబెలిన్ వారి ఫిట్ మీ మ్యాట్ ప్లస్ పోర్‌లెస్ ఫౌండేషన్‌ను కొన్నేళ్లుగా వాడుతున్నాను. చిన్న ట్యూబు అయిపోగానే మళ్లీ అదే తెచ్చుకుంటాను. నాది జిడ్డు చర్మం, చామనచాయ. నెలనెలా దవడల దగ్గర మొటిమలు వస్తాయి, బుగ్గల మీద పాత మచ్చలున్నాయి. ఉండేది విశాఖపట్నంలో, పని బ్యాంకు కౌంటరులో. ఇక్కడి ఉక్కపోత తెలిసినవారికి ముఖం మీద ఏదైనా సాయంత్రం దాకా నిలవడం ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. మొటిమలున్నవారికి ఈ ధరలో ఇది చాలా మంచి ఫౌండేషన్. కాకపోతే పలుచగా, అవసరమైన చోట మాత్రమే రాసుకుని, రాత్రికి పూర్తిగా కడిగేసేవారికే దీని మేలు తెలుస్తుంది.

మొటిమల చర్మానికి ఫౌండేషన్ సరిపడిందో లేదో మొదటి రోజు అద్దంలో తెలియదు. చర్మ రంధ్రంలో నూనె, మృతకణాలు కలిసి గడ్డకట్టి మొటిమగా పైకి కనిపించడానికి వారాలు పడుతుంది. ఈరోజు లేచిన మొటిమకు నిన్న రాసుకున్న ఫౌండేషనే కారణం అనుకోవడానికి లేదు. కాబట్టి కొత్తది మొదలుపెట్టినప్పుడు ఆ నెలంతా సబ్బు, క్రీము, సన్‌స్క్రీన్ ఏవీ మార్చకూడదు. అన్నీ ఒకేసారి మారిస్తే దేని వల్ల ఏం జరిగిందో ఎవరూ చెప్పలేరు. దీనికి ముందు నేను వాడిన ఒక ఖరీదైన ఫౌండేషన్ మొదటి వారమంతా అద్భుతంగా కనిపించింది. నెల దాటాక గడ్డం మీద ఆవగింజల్లాంటి చిన్న పొక్కులు మొదలయ్యాయి. ఎర్రదనం లేదు, నొప్పి లేదు, వేలితో తడిమితే మాత్రం గరుకు. అలంకరణ సామగ్రి వల్ల వచ్చే ఇలాంటి మొటిమలకు 1972లోనే క్లిగ్‌మన్, మిల్స్ అనే అమెరికా పరిశోధకులు యాక్నే కాస్మెటికా అని పేరు పెట్టారు. ఫిట్ మీతో నాకు ఆ పొక్కులు రాలేదు. నెలనెలా వచ్చేవి మాత్రం వస్తూనే ఉన్నాయి, వాటిని ఏ ఫౌండేషనూ ఆపదు.

డబ్బాల మీద కనిపించే నాన్ కమెడోజెనిక్ అనే మాట గురించి కూడా చెప్పాలి. రంధ్రాలను మూసివేయదని దాని అర్థం. ఫలానా పరీక్ష నెగ్గితేనే ఆ మాట వేసుకోవాలని చట్టం పెట్టిన కొలమానం మాత్రం లేదు. ఏ పదార్థం రంధ్రాలను ఎంత మూస్తుందో మార్కులు వేసిన పాత పరీక్షలు కుందేలు చెవుల మీద జరిగినవి, ఆ చర్మం మన ముఖం కంటే త్వరగా స్పందిస్తుంది. అందువల్ల ఆ మాటను ఒక మంచి సూచనగా తీసుకుని, మిగతాది మన ముఖం మీదే తేల్చుకోవాలి. కొబ్బరినూనె, కోకో బటర్, ఐసోప్రొపైల్ మిరిస్టేట్ వంటి, రంధ్రాలు మూస్తాయని పేరున్నవి పదార్థాల జాబితాలో పైన కనిపిస్తే నేను ఆ సీసా తిరిగి పెట్టేస్తాను. ఫిట్ మీ సిలికాన్ల మీద ఆధారపడిన పలుచని ద్రవం. జిడ్డును పీల్చే పొడులూ, త్వరగా ఆరడానికి ఆల్కహాలూ ఇందులో ఉన్నాయి. మ్యాట్‌గా, అంటే మెరుపు లేకుండా కనిపించడం అందువల్లే. సున్నితమైన చర్మం ఉన్నవారు ముందుగా దవడ కింద కొద్దిగా రాసి చూసుకోవడం మంచిది.

రాసుకునే పద్ధతి మీదే సగం ఫలితం ఆధారపడి ఉంది. ముఖం కడుక్కుని, తేలికపాటి జెల్ మాయిశ్చరైజర్, దాని మీద సన్‌స్క్రీన్ రాసి, అవి ఆరేదాకా ఆగుతాను. ఆ తర్వాత శనగగింజంత ఫౌండేషన్ అరచేతి వెనకవైపు మీదికి తీసుకుని, ఎర్రగా ఉన్నచోట, మచ్చల మీద చుక్కలు పెట్టి తడి స్పాంజితో అద్దుతాను. రుద్దితే మొటిమ పైపొర లేచి అక్కడ ఇంకా ఎక్కువగా కనిపిస్తుంది. నుదుటి మీద నేను అసలు రాయను, అక్కడ నాకు అవసరం లేదు. ముదురు గోధుమరంగు మచ్చలకు ముందుగా నారింజ రంగు కరెక్టర్ (మచ్చ రంగును తగ్గించి చూపే క్రీము) కొద్దిగా అద్దితే, పైన వేసే ఫౌండేషన్ సగం సరిపోతుంది. ఉబ్బిన మొటిమ రంగు తగ్గుతుందే కానీ ఉబ్బు దాగదు. అది దాగాలని పొర మీద పొర వేస్తే మధ్యాహ్నానికి పగుళ్లు కనిపిస్తాయి.

మధ్యాహ్నం ముక్కు మీద మెరుపు వస్తే పౌడరు వేయకుండా టిష్యూ కాగితంతో అద్దుతాను. చెమట మీద పౌడరు పడితే మరకలు కడుతుంది.

రంగు ఎంచుకునేటప్పుడు దుకాణంలోని తెల్లని దీపాలను నమ్మకండి. దవడ మీద రెండు మూడు రంగుల గీతలు గీసుకుని, బయటికి వచ్చి పగటి వెలుతురులో చూడండి. చాలా మ్యాట్ ఫౌండేషన్లు ఆరాక కాస్త ముదురుతాయి కాబట్టి కాసేపు ఆగి నిర్ణయించుకోవాలి. నాకు 310 సన్ బీజ్ కుదిరింది. ఎండాకాలం చివర మాత్రం 330 టాఫీ కొంచెం కలుపుకుంటాను. కౌంటరు దగ్గర అమ్మాయిలు అలవాటుగా మన రంగు కంటే తెల్లనిది చేతికిస్తారు. మెడకూ ముఖానికీ తేడా తెలిసేలా ఉండే ఆ ఛాయ తీసుకోవద్దని గట్టిగా చెబుతున్నాను. చామనచాయకు దాని అందం దానికి ఉంది.

దీని పంపు సీసా మీద ఎస్‌పీఎఫ్ 22 అని ఉంటుంది, ఎండ నుంచి ఎంత రక్షణ ఇస్తుందో చెప్పే అంకె అది. ఆ అంకెను చదరపు సెంటీమీటరుకు రెండు మిల్లీగ్రాముల మందాన రాసి కొలుస్తారు. అంత మందంగా ఫౌండేషన్ ఎవరూ రాసుకోరు, అందుకే సన్‌స్క్రీన్ విడిగా ఉండాల్సిందే. మొటిమ తగ్గాక మిగిలే నల్లమచ్చ ఎండకు ఇంకా ముదురుతుంది. మన చర్మపు ఛాయల్లో ఆ మచ్చే మొటిమ కంటే ఎక్కువ కాలం బాధపెడుతుంది.

మొటిమలకు డాక్టరు రాసిన అడాపలీన్ జెల్ రాత్రిళ్లు రాసుకునేవారికి మొదటి వారాల్లో చర్మం పొట్టు లేస్తుంది. ఆ పొట్టుకు ఫౌండేషన్ అతుక్కుని తెల్లగా కనిపిస్తుంది. ఆ రోజుల్లో మాయిశ్చరైజర్ రెండుసార్లు రాసి, ఫౌండేషన్ మానేయడమే మేలు.

ఇక్కడే ఒక మాట కోపంగానే చెబుతాను. మచ్చలు పోతాయని, ముఖం తెల్లబడుతుందని మందుల దుకాణంలో చీటీ లేకుండా ఇచ్చే స్టెరాయిడ్ కలిసిన క్రీములు ఫౌండేషన్ కింద రాసుకునే అమ్మాయిలు మన ఊళ్లలో చాలామంది ఉన్నారు. మొదట ముఖం నునుపుగా అవుతుంది. ఆ తర్వాత చర్మం పలుచబడి, ఎర్రబడి, మానేసిన మరుక్షణం మొటిమలు విరుచుకుపడతాయి. ట్యూబు మీద బీటామెథాసోన్, మొమెటాసోన్, క్లోబెటాసాల్ అనే పేర్లుంటే డాక్టరు చెప్పకుండా ముఖానికి తాకించవద్దు. ఇప్పటికే వాడుతుంటే ఒక్కసారిగా ఆపేయకుండా చర్మవైద్యులను కలవండి.

చిన్న 18 మిల్లీలీటర్ల ట్యూబు నేను కొన్నప్పుడల్లా నాలుగు వందల రూపాయల లోపే పడింది. 30 మిల్లీలీటర్ల పంపు సీసా లెక్కకు చవకే అయినా, నేను వాడే కొద్దిపాటి మోతాదుకు అది తరగదు. తెరిచాక ఏళ్ల తరబడి బాత్రూము అలమరలో ఉంచిన ఫౌండేషన్ మొటిమల ముఖానికి మంచిది కాదు. స్పాంజిని ప్రతి వాడకం తర్వాత సబ్బుతో ఉతికి ఆరబెట్టాలి, రాత్రి మేకప్ తుడిచే మైసెల్లార్ నీటితో తుడిచి ఆపైన ఫేస్ వాష్‌తో కడగాలి. పేవ్‌మెంటు మీద సగం ధరకు అమ్మేవి కొనకండి. బ్యాచ్ సంఖ్య, గడువు తేదీ, తయారీ లైసెన్సు వివరాలు స్పష్టంగా లేని డబ్బాలో ఏముందో ఎవరికీ తెలియదు.

మా చెల్లెలిది పొడి చర్మం. ఇదే ట్యూబు ఆమె వాడితే సాయంత్రానికి పెదవుల చుట్టూ గీతలు పడ్డాయి. పొడి చర్మానికి ఇదే వరుసలో డ్యూయీ ప్లస్ స్మూత్ అనే వేరే రకం ఉంది. మొటిమలతో పాటు చర్మం పొడిగా ఉన్నవారు ముందు దాన్ని ప్రయత్నించండి.