చైనా, బ్రెజిల్, వియత్నాం: ఎవరి సేద్యం మేలు?

వర్ధమాన దేశాల వ్యవసాయాన్ని పోల్చేటప్పుడు మొత్తం ఉత్పత్తి చూసి వరుస సంఖ్యలు వేసేస్తుంటారు. హెక్టారుకు ఎంత పండింది, పండించిన మనిషికి ఏం దక్కింది, నేల ఏమైంది అనేవి కూడా చూస్తే ఆ వరుస తారుమారవుతుంది.

వరి దిగుబడిలో చైనాదే పైచేయి. అక్కడ హెక్టారుకు సుమారు 7 టన్నుల ధాన్యం పండితే, వియత్నాంలో 6, భారత్‌లో 4 పైచిలుకు. శాస్త్రవేత్త యువాన్ లాంగ్‌పింగ్ రూపొందించిన హైబ్రిడ్ వరి ఒక కారణం. నా దృష్టిలో అంతకంటే పెద్ద కారణం 1978లో అన్హుయ్ ప్రావిన్స్‌లోని షియావోగాంగ్ ఊళ్లో జరిగింది. కమ్యూన్ (సమష్టి సేద్యపు) భూమిని 18 మంది రైతులు గుట్టుగా కుటుంబాలవారీగా పంచుకుని, కాగితం మీద వేలిముద్రలు వేశారు. ప్రభుత్వానికి కోటా చెల్లించాక మిగిలిన పంట ఎవరిది వారిదే. బయటపడితే జైలేనని తెలిసీ తెగించారు. ఆ పద్ధతినే తర్వాత ప్రభుత్వం దేశమంతా అమలు చేసింది. అయితే నత్రజని ఎరువులు మితిమీరి చైనా పొలాల్లో ఆమ్లగుణం పెరిగింది.

బ్రెజిల్‌ది ఆమ్ల నేలలను బాగుచేసుకున్న కథ. 1973లో పుట్టిన ఎంబ్రాపా పరిశోధన సంస్థ దేశం నడిబొడ్డున ఉన్న సెరాడో అనే సవన్నా ప్రాంతపు బీళ్ల మీద దృష్టి పెట్టింది. సున్నం చల్లారు, భాస్వరం వేశారు, ఉష్ణమండలానికి తగిన సోయా రకాలు తయారుచేశారు. విత్తనానికి నత్రజనిని స్థిరీకరించే బ్యాక్టీరియా పట్టించడంతో సోయాకు యూరియా ఖర్చు దాదాపు తప్పింది. సోయా కోసీ కోయగానే అదే చేలో మొక్కజొన్న వేస్తారు. నేడు సోయా ఉత్పత్తిలోనూ ఎగుమతిలోనూ బ్రెజిలే మొదటిది. శ్రామికుల్లో పదో వంతుకంటే తక్కువ మందే సేద్యంలో ఉన్నారు కాబట్టి సేద్యంలో ఉన్న ఒక్కో మనిషి ఉత్పత్తి చూస్తే ఈ మూడింటిలో దానికి సాటి లేదు. కానీ సెరాడో సహజ వృక్షసంపద దాదాపు సగం పోయింది. ఆ నష్టాన్ని లెక్కలోంచి తీసేయడం అన్యాయం.

వియత్నాం 1988లో పాలక కమ్యూనిస్టు పార్టీ పదో తీర్మానంతో భూమిని కుటుంబాల చేతికిచ్చింది. అంతవరకు బియ్యం దిగుమతి చేసుకున్న దేశం మరుసటి ఏడాదే 10 లక్షల టన్నులకు పైగా ఎగుమతి చేసింది. కాఫీలో ఇప్పుడు ప్రపంచంలో రెండో స్థానం. ఇదంతా చిన్న కమతాల మీదే!

అందుకే కమతం హెక్టారు దాటని దేశాలకు వియత్నాం దారే మేలంటాను. వేల హెక్టార్ల బ్రెజిల్ క్షేత్రాలను చూసి చిన్న రైతును పొలం నుంచి తప్పించాలనడం నాకు మింగుడుపడదు. బ్రెజిల్ నుంచి తెచ్చుకోవాల్సింది ఎంబ్రాపా లాంటి సంస్థను, దశాబ్దాల పాటు దానికి డబ్బు ఆపని పట్టుదలను. వియత్నాం కూడా మెకాంగ్ డెల్టాలో ఏటా మూడు వరి పంటలు తీయడం తగ్గించాలి. వాటి కోసం కట్టిన ఎత్తైన గట్లు వరద తెచ్చే ఒండ్రును పొలాల్లోకి రానివ్వడం లేదు.