జాగ్రత్త: 'స్వాన్ లేక్' పిల్లల డీవీడీ అని అమ్ముతున్నది ఆ సినిమా కాదు

ఆన్‌లైన్‌లో పిల్లల కోసం 'స్వాన్ లేక్' యానిమేషన్ సినిమా డీవీడీ కొనబోతున్నవాళ్ళు ఆర్డర్ పెట్టే ముందు ఇది చదవండి. ఫోటోలో చూపించేది ఒక సినిమా, డబ్బాలో వచ్చేది ఇంకొకటి. అదైనా పూర్తిగా ఉంటుందా అంటే అదీ లేదు, మధ్యలోనే ఆగిపోతుంది.

మా అక్క వాళ్ళది గుంటూరు. వాళ్ళమ్మాయి ఒకటో తరగతి చదువుతోంది, కూచిపూడి క్లాసుకి వెళ్తుంది. ఎవరు డాన్స్ చేసినా ముందు కాళ్ళ వంకే చూస్తుంది. పిల్ల చేతికి ఫోన్ ఇవ్వకూడదని అక్కా బావా గట్టిగా అనుకున్నారు. ఇంట్లో పాత డీవీడీ ప్లేయర్ ఇంకా బాగానే పనిచేస్తోంది. అందుకే పుట్టినరోజుకి డిస్క్ పంపుదామని చూశాను. "ఈ రోజుల్లో డీవీడీ ఎవరు కొంటారండీ" అనేవాళ్ళు కాస్త ఆగండి. చిన్నపిల్లలున్న ఇళ్ళలో ఇంకా కొంటున్నారు, అది తెలిసే ఈ మోసం నడుస్తోంది.

నాకు కావలసింది 2003లో వచ్చిన 'బార్బీ ఆఫ్ స్వాన్ లేక్'. బార్బీ అనగానే బొమ్మలమ్ముకోవడానికి తీసిన సినిమా అని కొట్టిపారేస్తారు. నిజమే, దాని వెనక ఉన్నది బొమ్మల వ్యాపారమే. కానీ 'స్వాన్ లేక్' అసలు రష్యన్ స్వరకర్త చైకోవ్‌స్కీ సంగీతం కూర్చిన బ్యాలే, అంటే మాటల్లేకుండా డాన్స్‌తోనే కథ చెప్పే పాశ్చాత్య నృత్యనాటకం. ఈ సినిమాకి ఆ సంగీతాన్ని వాయించింది లండన్ సింఫనీ ఆర్కెస్ట్రా. నృత్యాలు కూర్చింది అప్పట్లో న్యూయార్క్ సిటీ బ్యాలే అనే నృత్య సంస్థని నడిపిస్తున్న పీటర్ మార్టిన్స్. నిజమైన బ్యాలే డాన్సర్ల చేత ఆడించి, వాళ్ళ కదలికలను మోషన్ క్యాప్చర్ పద్ధతిలో రికార్డు చేసి, వాటినే కెనడాలోని మెయిన్‌ఫ్రేమ్ స్టూడియోవాళ్ళు బొమ్మలకు ఎక్కించారు. ఇరవై ఏళ్ళు దాటిన గ్రాఫిక్స్ కాబట్టి ముఖాలు ఇప్పుడు చూస్తే బిగుసుకుపోయినట్టే ఉంటాయి. పాదాలు మాత్రం నేల మీద సరిగ్గా పడతాయి. డాన్స్ నేర్చుకునే పిల్లకి చూపించాలంటే నాకు అదే ముఖ్యం.

అమ్మకం పేజీలో పెద్దగా కనిపించిన బొమ్మ ఈ సినిమా కవరే. పేరు దగ్గర మాత్రం ఎక్కడా బార్బీ అన్న మాట లేదు, 'స్వాన్ లేక్ యానిమేటెడ్ మూవీ' అని మాత్రమే ఉంది. ఆడియో ఇంగ్లీష్, హిందీ, తెలుగు అని రాశారు. 'ఒరిజినల్ సీల్డ్ ప్యాక్' అని కూడా ఉంది. ధర తొమ్మిది వందల చిల్లర.

వచ్చిన డబ్బా చూడగానే అక్క ఫోటోలు తీసి పంపింది. కవరు కలర్ జిరాక్స్. అక్షరాల అంచులు చెదిరిపోయి, వెనకవైపు చిన్న అక్షరాలు అలికినట్టున్నాయి. డిస్క్ తిప్పి చూస్తే అడుగు ఊదారంగులో ఉంది. ఇది బాగా గుర్తుపెట్టుకోండి. కంపెనీలో అచ్చుపోసిన డీవీడీల అడుగు వెండిలా తెల్లగా మెరుస్తుంది. ఊదా, నీలం ఛాయ కనిపించిందంటే ఖాళీ డిస్క్ మీద ఎవరో కంప్యూటర్‌లో రాసుకున్నారన్నమాట. సీల్ మాత్రం ఉంది లెండి, ఆ పల్చటి ప్లాస్టిక్ ఎవరైనా చుట్టవచ్చు.

వీడియో కాల్‌లో నేనూ చూస్తూ ఉండగా పెట్టారు. మెనూలో మూడు భాషలకు మూడు బటన్లు. ఏది నొక్కినా ఇంగ్లీషే. సినిమా మొదలయ్యాక అసలు బండారం బయటపడింది. ఇది బార్బీ సినిమా కానే కాదు. ఎక్కడ తయారైందో, ఎవరు తీశారో టైటిల్స్‌లో కూడా లేదు. హంసల థీమ్ మీలో చాలామందికి చెవులకి పరిచయమే, ఓబో అనే ఊదే వాయిద్యం మీద సన్నగా మొదలై కింద వీణల్లా హార్ప్ తీగలు పలుకుతుంటే ఆర్కెస్ట్రా మొత్తం అందుకుంటుంది. ఇందులో దాన్ని ఎలక్ట్రానిక్ కీబోర్డ్ మీద మొదటి కొన్ని స్వరాలు వాయించి లూప్‌లో పెట్టేశారు. మాటలు వస్తున్నా అదే, తలుపు తెరుచుకున్నా అదే, మంత్రగాడు వచ్చినా అదే.

ఇక డాన్స్. రాజభవనంలో విందు ఘట్టం ఈ బ్యాలేకి గుండెకాయ. కథలో ఒడెట్ మంత్రంతో తెల్ల హంసగా మారిన అమ్మాయి, రాజకుమారుడు ప్రేమించింది ఆమెనే. మాంత్రికుడు రోత్‌బార్ట్ తన కూతురు ఒడీల్‌ని ఒడెట్‌లా కనిపించేలా చేసి తీసుకొస్తాడు, రాజకుమారుడు మోసపోతాడు. అక్కడే నల్ల హంస, అంటే ఆ ఒడీల్, ఒంటికాలి మీద వరుసగా 32 చుట్లు తిరగడం 1895 నుంచీ సంప్రదాయం. సెయింట్ పీటర్స్‌బర్గ్ ప్రదర్శనలో పియరీనా లెన్యానీ అనే ఇటలీ నర్తకి అలా తిరిగిన దగ్గర్నుంచి అందరూ దాన్నే కొలతగా పెట్టుకున్నారు. ఈ డిస్క్‌లో ఒకే ఒక చుట్టు బొమ్మ గీసి దాన్నే మళ్ళీ మళ్ళీ అతికించారు. ప్రతిసారీ గౌను అదే మడత దగ్గర ఆగి, మళ్ళీ మొదటికొచ్చేస్తుంది. కాసేపటికి మా పిల్ల, "పిన్నీ, ఈమె కాళ్ళు నేల్లోకి దిగిపోతున్నాయి చూడు" అంది. చూస్తే నిజంగానే చీలమండల దాకా పాలరాతి నేల్లో ఉన్నాయి.

అసలు దెబ్బ ఆ తర్వాత. రాజకుమారుడు ఒడీల్‌ని పెళ్ళి చేసుకుంటానని అందరి ముందూ మాట ఇచ్చాడు, కిటికీ బయట తెల్ల హంస రెక్కలు కొట్టుకుంది, వెంటనే 'ది ఎండ్' అని పడింది. కథలో నాలుగు ఘట్టాలుంటే ఇది మూడో ఘట్టం. సరస్సు దగ్గరికి పరుగెత్తుకెళ్ళడం, క్షమాపణ, మాంత్రికుడితో చివరి పోరు, ఇవేవీ లేవు. పిల్ల బిక్కమొహం వేసింది. "అయితే తప్పు అమ్మాయినే పెళ్ళి చేసేసుకున్నాడా?" అని అడుగుతుంటే అక్క నోటితోనే మిగతా కథ చెప్పి సర్దిచెప్పింది. పుట్టినరోజు సాయంత్రం అలా గడిచింది.

అమ్మినవాళ్ళకి మెసేజ్ పెడితే జవాబు చాలా మర్యాదగానే వచ్చింది: "మేడమ్, మీరు తీసుకున్నది పార్ట్ వన్. పార్ట్ టూ వేరే ఆర్డర్ పెట్టుకోవాలి." ఎమ్మెల్యే పెసరట్టు చెబితే ఉప్మాకి వేరే బిల్లు వేసినట్టుంది ఇది. పేజీలో పార్ట్ వన్ అనే మాట ఎక్కడుందో చూపించమన్నాను. దానికి జవాబు లేదు. రిటర్న్ అడిగితే "సీల్ తీసిన డిస్కులు వాపసు తీసుకోము" అన్నారు. సీల్ తీయకుండా లోపల వేరే సినిమా ఉందని ఎలా తెలుస్తుందో వాళ్ళే చెప్పాలి.

ఇలాంటివి ఇంత ధైర్యంగా ఎలా అమ్ముతున్నారో కూడా చెబుతాను, ఎందుకంటే మోసం కీలకం అక్కడే ఉంది. ఈ కథ మీదా సంగీతం మీదా ఇప్పుడు ఎవరికీ హక్కు లేదు. 'స్వాన్ లేక్' 1877లో మాస్కో బొల్షోయ్ థియేటర్‌లో మొదటిసారి ప్రదర్శించిన బ్యాలే. చైకోవ్‌స్కీ 1893లో చనిపోయాడు. మన చట్టం ప్రకారం కాపీరైట్ రచయిత మరణం తర్వాత 60 ఏళ్ళే. కాబట్టి ఆ పేరుతో, ఆ కథతో, ఆ బాణీలతో ఎవరైనా కార్టూన్ తీసుకోవచ్చు. అది నేరం కాదు. లండన్ సింఫనీ వాయించిన రికార్డింగ్‌ని మాత్రం ఊరికే వాడుకోవడానికి లేదు, దాని హక్కు వేరు. అందుకే చవక సినిమాల్లో కీబోర్డ్ మోగుతుంది. అంతవరకూ సరే. ఆ చవక సినిమాని పేరున్న సినిమా కవర్‌లో పెట్టి అమ్మడం మాత్రం పచ్చి మోసం. ఈ ఎత్తు కొత్తది కూడా కాదు. అమెరికాలో వీడియో క్యాసెట్ల కాలంలో పెద్ద స్టూడియో కార్టూన్ ఒకటి రాగానే అదే కథతో, ఇంచుమించు అలాంటి అట్టతో ఇంకో క్యాసెట్ పక్క అరలో కనిపించేది. తొందరలో అమ్మమ్మలూ తాతయ్యలూ అదే పట్టుకెళ్ళేవాళ్ళు.

'నట్‌క్రాకర్' కొనేవాళ్ళకి కూడా ఇదే ప్రమాదం, ఇంకా ఎక్కువేమో. అదీ చైకోవ్‌స్కీ బ్యాలేనే, 1892 నాటిది. దాని మూలమైన హాఫ్‌మన్ కథ 1816లోది. క్రిస్మస్ వచ్చిందంటే ఆ పేరుతో డిస్కులు కుప్పలుతెప్పలుగా వస్తాయి. 2001 నాటి 'బార్బీ ఇన్ ద నట్‌క్రాకర్' కావాలంటే అమ్మాయి పేరు క్లారా, ఎలుకల రాజుకి గొంతు ఇచ్చింది టిమ్ కరీ. 'స్వాన్ లేక్' విషయానికొస్తే బార్బీ సినిమాలో రాజకుమారుడి పేరు డేనియల్. బ్యాలేలో సీగ్‌ఫ్రీడ్. లైలా అనే చిన్న యూనికార్న్ ఉండాలి. పేజీలో ఇచ్చిన కథ సారాంశంలో ఈ పేర్లు లేకపోతే అనుమానించండి. దర్శకుడు రెండింటికీ ఓవెన్ హర్లీయే.

హంస రాజకుమారి కథతో మంచి సినిమాలు ఇంకా ఉన్నాయి. 1981లో జపాన్ తోయే స్టూడియో చేతిగీత బొమ్మలతో తీసిన 'స్వాన్ లేక్' ఒకటి. 1994లో రిచర్డ్ రిచ్ తీసిన 'ద స్వాన్ ప్రిన్సెస్' ఇంకొకటి. ఇది పిల్లలకు సరదాగానే ఉంటుంది కానీ పాటలు కొత్తగా రాసుకున్నవి, బ్యాలే సంగీతం కోసమైతే కొనకండి. ఏది కొన్నా సంవత్సరం, స్టూడియో పేరు రెండూ అడిగి, రాతపూర్వకంగా జవాబు వచ్చాకే డబ్బు కట్టండి. చాటింగ్‌లో వచ్చిన జవాబు చాలు, స్క్రీన్‌షాట్ దాచుకోండి.

డబ్బా మీద ఇంకొకటి చూడాలి. కాపీరైట్ చట్టం 52ఏ సెక్షన్ ప్రకారం మన దేశంలో అమ్మే సినిమా డిస్క్ డబ్బా మీద దాన్ని తయారుచేసినవాళ్ళ పేరు, చిరునామా, హక్కుదారు పేరు, చిరునామా ఉండాలి. సెన్సార్ అవసరమైన సినిమాకి సర్టిఫికెట్ ప్రతి కూడా ఉండాలి. మాకు వచ్చిన దాని మీద వీటిలో ఒక్కటీ లేదు. ఫోటోల్లో డబ్బా వెనకవైపు చూపించని అమ్మకందారు దగ్గర కొనకపోవడమే మేలు.

అమెరికా నుంచి బంధువుల చేత తెప్పించుకుందామనుకుంటే ఇంకో తలనొప్పి ఉంది. డీవీడీలకు అమ్మే ప్రాంతాన్ని బట్టి రీజియన్ అంకె ఉంటుంది, ఒక రీజియన్ డిస్క్ ఇంకో రీజియన్ ప్లేయర్‌లో మామూలుగా ఆడదు. అక్కడి డిస్కులు రీజియన్ 1, మనది రీజియన్ 5. అన్ని రీజియన్లూ ఆడించే ప్లేయర్ అయితే సమస్య లేదు. ల్యాప్‌టాప్ డ్రైవ్‌లో అయితే రీజియన్ 5 సార్లే మార్చుకోనిస్తుంది, ఆ తర్వాత చివరిసారి పెట్టిన దాని మీదే బిగిసిపోతుంది. డబ్బా వెనక చిన్న భూగోళం గుర్తులో అంకె ఉంటుంది, చూసుకోండి.

ఇప్పటికే మోసపోయినవాళ్ళకి. "సీల్ తీస్తే వాపసు లేదు" అన్న మాటకి భయపడొద్దు. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం వస్తువు ప్రకటనలో చెప్పినట్టు లేకపోయినా, నకిలీది అయినా అమ్మకందారు వాపసు తీసుకోను అనడానికి వీల్లేదు. అమ్మకం వేదిక వాళ్ళకి ఫిర్యాదులు చూసే అధికారి, అంటే గ్రీవెన్స్ ఆఫీసర్, ఉండి తీరాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. నేను కస్టమర్ కేర్ చాట్‌తో వాదించడం మానేసి నేరుగా ఆ అధికారికే రాశాను. ఊదారంగు డిస్క్ ఫోటో, అమ్మకం పేజీ స్క్రీన్‌షాట్, 'పార్ట్ టూ వేరే ఆర్డర్' అన్న జవాబు, మూడూ జతచేశాను. పనిచేసింది ఆ మూడోదే అని నా అనుమానం. పార్ట్ వన్ మాత్రమే పంపామని వాళ్ళే ఒప్పుకున్నట్టయింది కదా. డిస్క్ ధర వెనక్కి వచ్చింది, డెలివరీ చార్జీ రాలేదు. దాని కోసం జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కూడా ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉండనే ఉంది. 5 లక్షల లోపు కొనుగోళ్ళకి అక్కడ ఫీజు లేదు, లాయర్ లేకపోయినా వెళ్ళవచ్చు.

ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. నా ఫిర్యాదు తర్వాత ఆ పేజీ తీసేశారు. మళ్ళీ వెతికితే వేరే అమ్మకందారు పేరుతో అవే ఫోటోలు, అవే వాక్యాలు, మూడు భాషల ఆడియో అనే అదే అబద్ధం కనిపించాయి. ధర కాస్త తగ్గించారు. పార్ట్ వన్ అన్న మాట ఇప్పటికీ లేదు. మీలో ఎవరైనా ఇదే డిస్క్ కొని ఉంటే డబ్బా వెనకవైపు, డిస్క్ అడుగు ఫోటోలు తీసి ఉంచుకుని 1915లో మీరూ నమోదు చేయించండి. పార్ట్ టూ కూడా కొన్నవాళ్ళుంటే నాకు తప్పకుండా చెప్పండి, రెండు డిస్కుల వివరాలూ కలిపి ఇంకో ఫిర్యాదు పెడతాను.