స్క్వాడ్రన్ డైరీనా, సమాధుల కాగితాలా: ముందు ఏది వెతకాలి?

రెండో ప్రపంచ యుద్ధంలో బాంబర్ ఎక్కి తిరిగిరాని వాళ్ల గురించి ఆరా తీసేవాళ్లు నన్ను పదే పదే అడిగే ప్రశ్న ఒకటే: ముందు ఏ కాగితం పట్టుకోవాలి? విమానం నంబరు, తేదీ, సిబ్బంది పేర్లు చేతిలో ఉన్నాయనుకుందాం. అక్కణ్నుంచి దారి రెండుగా చీలుతుంది. ఒకటి విమానాన్ని వెతికేది, రెండోది మనుషుల్ని వెతికేది.

బ్రిటిష్ విమానమైతే చాలామంది స్క్వాడ్రన్ డైరీతో, అంటే ఆ విమాన దళం రోజువారీ ప్రయాణాలు రాసుకున్న పుస్తకంతో మొదలుపెడతారు, ఎందుకంటే అది సులువుగా దొరుకుతుంది. లండన్‌లో క్యూ అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఎయిర్ 27 అనే దస్త్రాల వరుస అదే. ఇంట్లో కూర్చునే దించుకోవచ్చు. ఎన్ని గంటలకు లేచింది, ఎక్కడికి వెళ్లింది, ఎవరెవరు ఎక్కారు, అన్నీ ఉంటాయి. తీరా మనకు కావలసిన చోట ‘తిరిగి రాలేదు’ అన్న ముక్కతో ఆగిపోతుంది. రాసినవాళ్ల తప్పేం లేదు. వాళ్లకు అప్పటికి తెలిసింది అంతే.

అమెరికన్ల మిస్సింగ్ ఎయిర్ క్రూ రిపోర్ట్ (తప్పిపోయిన విమాన సిబ్బంది నివేదిక) ఇంతకంటే మేలు. ఆ విమానాన్ని ఆఖరిసారి ఎక్కడ చూశారో తోటి సిబ్బంది చెప్పిన మాటలు, ఇంజిన్ల నంబర్లు, మెషిన్ గన్ల నంబర్లు కూడా అందులో ఉంటాయి. ఏ కొండ మీదో శకలాలు దొరికితే అది ఏ విమానమో తేల్చడానికి ఆ నంబర్లు ఎంతో పనికొస్తాయి.

అయినా నా ఓటు సమాధుల కాగితాలకే. రాసినవాళ్లు ఆ నేల మీదికి వెళ్లి చూశారా లేదా అన్నదే నాకు అసలు గీటురాయి. యుద్ధం ముగిశాక బ్రిటిష్ వైమానిక దళం తప్పిపోయినవాళ్లను వెతకడానికి ప్రత్యేక బృందాలను పంపింది. వాళ్లు ఊరూరా తిరిగి, చూసినవాళ్లను అడిగి, గోతులు తవ్వించి, చొక్కా మీద చాకలి గుర్తునూ వేలి ఉంగరాన్నీ బట్టి మనుషుల్ని పోల్చుకున్నారు. యుద్ధ సమాధుల బాగోగులు చూసే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ సైట్‌లో ఒక్కో పేరు కింద ఉచితంగా దొరికే కాగితాల్లో, శవాన్ని మొదట ఎక్కడ పాతిపెట్టారో, ఏ ఆనవాలుతో గుర్తుపట్టారో చాలాసార్లు కనిపిస్తుంది. ఏడుగురిలో ఐదుగురిది ఒకే ఉమ్మడి సమాధి, ఇద్దరివి మాత్రం పక్క ఊళ్లో విడివిడిగా ఉన్నాయంటే, ఆ ఇద్దరూ బహుశా ముందే దూకి ఉంటారని ఊహించవచ్చు. డైరీ ఎన్నిసార్లు తిరగేసినా ఇది తెలియదు.

‘లేడీ బీ గుడ్’ సంగతే చూడండి. 1943 ఏప్రిల్ 4న తొమ్మిదిమందితో లిబియాలోని సొలూక్ నుంచి ఇటలీలోని నేపుల్స్ మీద దాడికి వెళ్లిన అమెరికన్ బీ-24 బాంబర్ అది. తిరిగి రాకపోతే మధ్యధరా సముద్రంలో పడిందనుకున్నారు. 1958లో చమురు అన్వేషకుల కంటపడింది, తీరానికి దక్షిణాన వందల కిలోమీటర్ల లోపల, ఎడారిలో. లోపల మాత్రం ఒక్క మనిషీ లేడు. విమానం దొరికినా కథ దొరకలేదు! 1960లో ఐదుగురి అవశేషాలు ఒకేచోట బయటపడ్డాకే, కో పైలట్ రాబర్ట్ టోనర్ దగ్గరున్న డైరీ వల్ల, వాళ్లు పారాచూట్లతో దూకి చారెడు నీళ్లతో రోజుల తరబడి ఇసుకలో నడిచారని తెలిసింది. ఆయన చివరగా రాసింది ఏప్రిల్ 12న. అది చదివినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది.

మన దేశంలోనూ ఇలాంటిదే ఉంది. 1944 జనవరి 25న చైనాలోని కున్మింగ్ నుంచి అస్సాంలోని చాబువాకు వస్తూ ఎనిమిదిమందితో మాయమైన అమెరికన్ బాంబర్ ‘హాట్ యాజ్ హెల్’ అరుణాచల్ కొండల్లో 2006లో కనిపించింది. అందులోని రాబర్ట్ ఆక్స్‌ఫర్డ్ అవశేషాలు సొంతూరికి చేరింది 2017లో. మనిషి ఆనవాలు తేలడానికి ఇంకో పదకొండేళ్లు పట్టింది. అమెరికన్ల విషయంలో ఇలాంటి వివరం కావాలంటే అమెరికాలోని సెయింట్ లూయిస్‌లోని ఆర్కైవ్స్ నుంచి మృతుడి వ్యక్తిగత ఫైలు తెప్పించుకోవాలి. ఎదురుచూపు తప్పదు, అయినా ముందు దానికే అర్జీ పెట్టండి.

పత్రికల క్లిప్పింగులు, ఔత్సాహికుల జాబితాలు తేదీలు సరిచూసుకోవడానికి చాలు.

నా ఎంపిక పనికిరాని చోటు ఒకటుంది. పేరు ఇంగ్లండ్‌లోని రన్నీమీడ్ స్మారకం మీదో సింగపూర్ స్మారకం మీదో ఉంటే తెలిసిన సమాధి లేదని అర్థం. రన్నీమీడ్‌లోనే అలాంటి పేర్లు 20,000కు పైగా ఉన్నాయి. అప్పుడు స్క్వాడ్రన్ డైరీకే వెళ్లాలి. ఆ రాత్రి అదే దాడికి వెళ్లి తిరిగొచ్చిన మిగతా విమానాల వాళ్లు ఏం చూశామని చెప్పారో ఆ పేజీలోనే వెతకండి.